రహీం సాబ్

ఫుట్‌బాల్‌కు కాగితం మీద ఉన్న చట్టాలు 17. బంతి ఎప్పుడు బయటికి పోయినట్టు, చెయ్యి తగిలితే ఏం చెయ్యాలి, అన్నీ వాటిలో ఉన్నాయి. కాని దెబ్బ తగిలి కిందపడ్డ ఎదుటి ఆటగాణ్ణి చూసి బంతిని బయటికి తన్నమని వాటిలో ఎక్కడా లేదు. జట్టును తయారుచేసే మనిషి తన సొంత కొడుకు విషయంలో ఎలా ఉండాలో కూడా లేదు. ఈ రెండో సంగతి తలచుకున్నప్పుడల్లా మాకు మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం గారే గుర్తుకొస్తారు.

ఆయన 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి జట్టులో ఆడారు, తర్వాత బడిపంతులయ్యారు. మైదానంలో కూడా ఆయన చివరిదాకా పంతులుగానే ఉన్నారని మా అభిప్రాయం. 1943 నుంచి కన్నుమూసేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి ఆయనే. ఆయన చేతిలో పెరిగిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. అప్పటి పెద్దలు ఈ సంగతి చెప్పుకుంటూ కూర్చుంటే చాయ్ చల్లారిపోయేదట!

పిల్లలకు ఆయన పెట్టించిన పోటీలు వింతగా ఉండేవి. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో బంతిని ఒక్కడే తీసుకుపోకూడదు, పక్కవాడికి అందివ్వాలి. పైకి ఇది ఆట నేర్పడమే. కాని కుడికాలి వాటం ఉన్న కుర్రవాడు గోలు ముందు నిలబడి, కుడికాలు జివ్వుమంటున్నా ఎడమకాలితోనే తన్నాలంటే ఎంత నిగ్రహం కావాలి? రెఫరీ చూసినా చూడకపోయినా ఏ కాలితో తన్నాడో వాడికి తెలుసు గదా!

దేశం జట్టుకు కోచ్‌గా ఆయన 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం చూశారు. మరుసటి ఏడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్ తేడాతో ఓటమీ చూశారు. అప్పుడు మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఆడారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, బలరాం, ఇలా మన హైదరాబాదు, సికిందరాబాదు కుర్రవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక కొడుకు సంగతి. సయ్యద్ షాహిద్ హకీం మంచి ఆటగాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో ఉన్నాడు, కోచ్ తండ్రే. హంగరీతో ఆడారు, ఫ్రాన్సుతో ఆడారు, పెరూతో ఆడారు. మూడు ఆటలూ అయిపోయాయి, హకీంకు మైదానంలో అడుగుపెట్టే వంతు రాలేదు. 1962లో జకార్తా వెళ్లిన ఆఖరి జట్టులో అసలు చోటే దక్కలేదు. ఆ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో మనకెందుకు గాని, పిల్లలున్న ప్రతివాళ్లకూ ఆ కష్టం ఎటువంటిదో తెలుస్తుంది. మన చిన్న చిన్న కమిటీల్లోనే చుట్టరికం ఎంత పని చేస్తుందో అందరం ఎరుగుదుం.

జకార్తా నాటికి రహీం గారి ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తోంది. అక్కడి పరిస్థితి చూస్తే మరీ కష్టం. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వలేదని మన దేశపు క్రీడాధికారి సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఊరంతా మనవాళ్ల మీద మండిపడింది. సెప్టెంబరు 4న ఫైనల్. స్టేడియంలో లక్ష మంది దాకా జనం. మన జాతీయగీతం వస్తుంటే గోల చేశారు. ఆ సందట్లో మన పక్షాన కేకలు వేసింది ఎవరనుకున్నారు? హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన పాకిస్తాన్ ఆటగాళ్లు! ఈ మాట మన ఆటగాళ్లే తర్వాత చెప్పారు. వాళ్లను అలా చేయమని ఏ చట్టం చెప్పింది?

ఎదురుగా ఉన్నది దక్షిణ కొరియా. లీగ్ పోటీలో మనల్ని 2-0తో ఓడించిన జట్టే. జర్నయిల్ సింగ్ తలకు అంతకుముందు ఆటలో దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక నిలబడి ఆడే ఆ మనిషిని రహీం గారు ముందువరసకు పంపారు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్ గోల్‌కీపర్. మొదటి 20 నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగి వేసింది. 2-1తో స్వర్ణం మనది.

రహీం గారు 1963 జూన్ 11న వెళ్లిపోయారు, 53 ఏళ్లకే. ఆయన మీద సినిమా రావడానికి 2024 దాకా పట్టింది. హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021లో పోయారు. తండ్రి జట్టులో బెంచీ మీదే ఉండిపోయిన ఆ కుర్రవాడు తర్వాత మైదానంలోకి వచ్చాడు. అంతర్జాతీయ రెఫరీగా, నోట్లో విజిలు పెట్టుకుని.