సంతకం పెట్టని సామ్రాజ్ఞి

1911లో కార్ల్‌ను పెళ్ళాడిన బూర్బన్-పార్మా రాకుమారి జీటా 1916లో ఆస్ట్రియా-హంగెరీ సామ్రాజ్ఞి అయింది. యుద్ధం ఓడాక సింహాసనం పోయింది, 1919లో దేశమూ విడిచారు. 1922 ఏప్రిల్ 1న మదైరా ద్వీపంలో న్యుమోనియాతో కార్ల్ కన్నుమూశాడు. అప్పటికి జీటాకు 29 ఏళ్ళు. ఏడుగురు పిల్లలు, ఎనిమిదో బిడ్డ కడుపులో. నాటి నుంచి ఆమె నల్లబట్టలు విడవలేదు.

రాచరికపు హక్కులు వదులుకుంటూ సంతకం పెడితేనే రానిస్తామంది ఆస్ట్రియా. పెద్దకొడుకు ఒట్టో 1961లో పెట్టేశాడు. తల్లి ససేమిరా అంది. పంతమనండి, భర్త మీది భక్తి అనండి, 1971లో కూతురు అడెల్‌హైడ్ అంత్యక్రియలకు కూడా ఆమెను రానివ్వలేదు.

చిత్రమేమంటే, ఆ షరతు కోడలిగా వచ్చిన ఆమెకు వర్తించదని చివరికి తేలింది! 1982లో, 90 ఏళ్ళు నిండాక, సంతకం లేకుండానే జీటా ఆస్ట్రియాలో అడుగుపెట్టింది. 1989లో చనిపోయాక వియన్నాలోనే సమాధి చేశారు. కార్ల్ సమాధి మాత్రం మదైరాలోనే ఉండిపోయింది.