బఠాణీలను లెక్కించిన సన్యాసి

తాతగారి ముక్కే మనుమనికి వచ్చినదని మురిసిపోని యిల్లుండదు. అయితే తండ్రిలో కానరాని పోలిక కొడుకులో మరల ఎట్లు పొడసూపినది? ఈ ప్రశ్నకు మొదట త్రోవ చూపినవాడు పేరుమోసిన ఆచార్యుడు కాడు. ఉపాధ్యాయ పరీక్షలో రెండు పర్యాయములు కృతార్థుడు కాలేకపోయిన ఒక క్రైస్తవ సన్యాసి. ఆయనయే గ్రెగర్ మెండెల్.

మెండెల్ 1822వ సంవత్సరము జూలై నెలలో, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని హైంజెన్‌డార్ఫ్ అను పల్లెలో రైతు కుటుంబమున జన్మించెను. నేడా గ్రామము చెక్ రిపబ్లిక్‌లో నున్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు యోహాన్. తండ్రి గాయపడి పనిచేయలేని స్థితికి రాగా చదువు సాగుట దుర్లభమయ్యెను. అప్పుడు చెల్లెలు తెరేసియా తన కట్నపు సొమ్ములో కొంత యిచ్చి అన్నను చదివించెను. ఆ ఋణమును మెండెల్ మరువక, తరువాతి కాలమున ఆమె కుమారుల విద్యకు తోడ్పడెను. 1843లో బ్రూన్ పట్టణమందలి సెయింట్ థామస్ మఠమున చేరి గ్రెగర్ అను నామమును స్వీకరించెను.

బోధన యనిన ఆయనకు మిక్కిలి ప్రీతి. కాని 1850లో ఉపాధ్యాయ యోగ్యతా పరీక్షలో తప్పెను. మఠాధిపతి ఆయనను 1851లో వియన్నా విశ్వవిద్యాలయమునకు పంపెను. అచ్చట రెండేండ్లు భౌతిక, గణిత, వృక్షశాస్త్రముల నభ్యసించెను. 1856లో మరల పరీక్షకు వెళ్ళియు నెగ్గలేకపోయెను. అయినను 1868 వరకు తాత్కాలికోపాధ్యాయుడుగనే పాఠములు చెప్పుచుండెను.

ఆ 1856లోనే మఠపు తోటలో బఠాణీలపై ప్రయోగము లారంభమైనవి. బఠాణీ పూవు సాధారణముగా తన పుప్పొడితోనే ఫలించును. కనుక జాతి శుద్ధముగా నిలుచును. మెండెల్ మొగ్గ విచ్చకమునుపే కేసరములను తొలగించి, వేరొక మొక్క పుప్పొడిని అద్ది, పురుగులు సోకకుండ సంచి కట్టెడివాడు. గింజ ఆకారము, రంగు, మొక్క యెత్తు మున్నగు ఏడు లక్షణములను ఎన్నుకొనెను. ఎనిమిదేండ్లలో ఆయన పెంచిన మొక్కలు సుమారు 28,000.

తల్లిదండ్రుల గుణములు పాలు నీళ్ళవలె కలిసిపోవునని నాడు పలువురి నమ్మకము. మెండెల్ నునుపు గింజల జాతిని ముడుతల గింజల జాతితో సంకరము చేయగా, తొలి తరమున అన్నియు నునుపు గింజలే కాసినవి. ముడుతలు నశించినవా? ఆ గింజలను నాటి, మొక్కలను స్వయముగా ఫలింపనీయగా 7,324 గింజలు లభించినవి. లెక్కించి చూడగా 5,474 నునుపువి, 1,850 ముడుతలవి. అనగా రమారమి మూడింటి కొకటి.

దీనినుండి ఆయన గ్రహించిన దేమనగా, ప్రతి లక్షణమునకును మొక్కలో రెండేసి కారకములుండును. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. రెండును వేరైనపుడు నునుపు బహిర్గతమగును, ముడుత అంతర్గతమై దాగియుండును. రెండు ముడుత కారకములు కలిసినపుడే ముడుత బయటపడును. అంతటితో తృప్తిపడక, నునుపు గింజలనే మరల నాటి 565 మొక్కలను పరిశీలించెను. 193 మొక్కలు నునుపు గింజలనే కాయగా, 372 మొక్కలు రెండు విధములను కాసినవి. అనగా నునుపు వానిలో మూడింట రెండువంతులు ముడుతను లోన దాచుకొన్నవే.

1865లో ఈ ఫలితములను బ్రూన్ ప్రకృతిశాస్త్ర సంఘమున చదివెను; మరుసటి యేట అవి అచ్చయినవి. వాని విలువను గ్రహించినవారు లేకపోయిరి. 1868లో మఠాధిపతియైన పిదప పాలనాభారమును, ప్రభుత్వముతో పన్నుల వివాదమును ఆయన కాలమును హరించినవి. 1884 జనవరి 6వ తేదీన మెండెల్ కన్నుమూసెను. 1900లో డి వ్రీస్, కోరెన్స్, చెర్మాక్ అను శాస్త్రజ్ఞులు అవే సూత్రములను వెల్లడించినపుడు ఆయన పేరు లోకమునకు తెలిసెను. ఆ కారకములకే 1909లో జోహాన్సెన్ జన్యువులని పేరిడెను.

ఎత్తు, మేనిచాయ వంటి గుణములను అనేక జన్యువులు కలిసి నిర్ణయించును గనుక వాని లెక్క యింత సులభము కాదు. కాని తలసీమియా వంటి వ్యాధులయందు మెండెల్ లెక్క నేటికిని వర్తించును. ఆరోగ్యవంతులైన దంపతు లిరువురిలోను ఆ కారకము దాగియున్నచో, పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి సోకుటకు నాల్గింట నొకవంతు అవకాశము కలదు. అది తల్లి దోషము కాదు, పూర్వజన్మ పాపమును కాదు. వివాహమునకు ముందే రక్తపరీక్షతో దానిని తెలిసికొనవచ్చును.