పిల్లలకు ఆట నేర్పడానికి టోర్నమెంట్లు పెట్టిన సార్: రహీం సాబ్ కథ

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియా ఇప్పటిదాకా గెలిచినవి రెండే బంగారు పతకాలు. ఒకటి 1951లో ఢిల్లీలో, ఇంకోటి 1962లో జకార్తాలో. రెండుసార్లూ కోచ్ ఒక్కరే. ఆయన మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. 2024 ఏప్రిల్‌లో వచ్చిన హిందీ సినిమా మైదాన్ పుణ్యమా అని ఆయన పేరు ఈ తరానికి కూడా తెలిసింది. అయితే సినిమా చూసినవాళ్లకు పెద్ద మ్యాచ్‌లే గుర్తుంటాయి. ఆ మ్యాచ్‌లు ఆడిన కుర్రాళ్లను తయారు చేయడానికి ఆయన హైదరాబాద్‌లో పెట్టిన చిన్న చిన్న టోర్నమెంట్ల సంగతి చాలామందికి తెలియదు.

బడి సార్ నుంచి కోచ్ దాకా

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ యూనివర్సిటీ టీమ్‌కు ఆడారు. అంటే ఆయన కాలేజీ ఫుట్‌బాల్‌లోంచి వచ్చిన మనిషి. చదువు అయ్యాక టీచర్ ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు.

1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కు కోచ్. ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. హైదరాబాద్ నుంచి బొంబాయి వెళ్లే రైలు దారి మన వికారాబాద్, తాండూరు, వాడి మీదుగానే. నిజాం కాలంలో 1874లో వేసిన లైను అది. ఆ దారి చివరన ఉన్న మహానగరంలో మన పోలీసోళ్లు ఐదేళ్లపాటు కప్పు ఎవరికీ వదల్లేదు. రహీం సాబ్ శిక్షణలోనే హైదరాబాద్ 1956, 1957లో వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది.

రూలు మారిస్తే ఆట మారుతుంది

ఆ రోజుల్లో మన కుర్రాళ్లకు బంతి దొరికితే వదలాలని ఉండేది కాదు. ఒకణ్ణి తప్పించి, ఇద్దర్ని తప్పించి, ముగ్గురి మధ్యలోకి దూసుకెళ్లాలి. చూసేవాళ్లకు కూడా అదే మజా. కానీ బంతి ఒక్కడి కాళ్ల దగ్గరే ఉంటే మిగతా పదిమంది ఏం చేయాలి?

వద్దురా అని ఎంత అరిచినా పిల్లలు వినరు. ఈ సంగతి బడి సార్‌కు చెప్పాల్సిన పని లేదు. అందుకే రహీం సాబ్ టోర్నమెంట్ రూల్సే మార్చేశారు. డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. అక్కడ బంతి రాగానే పాస్ ఇవ్వాల్సిందే. పాస్ ఇవ్వాలంటే తోటివాడు ఎక్కడున్నాడో ముందే చూసుకోవాలి. అందుకునేవాడు ఖాళీ జాగాలోకి ముందే ఉరకాలి. రెండోది, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు. కుడికాలి వాటం ఉన్నవాడు అక్కడ ఎడమకాలితోనే తన్నాలి. ఇట్లా రెండు కాళ్లతో ఆడగలిగే కుర్రాళ్లు తయారయ్యారు.

బీద ఇంటి పిల్లలను వెతికి పట్టుకోవడం కూడా ఆయన పనే. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంకు ప్రాక్టీస్‌కు రావడానికి బండి ఖర్చులు కూడా ఉండేవి కావు. అద్దె సైకిల్‌కు రహీం సాబ్ డబ్బులు ఇచ్చారు. ఆ బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు.

ఒక్క మ్యాచ్‌తో ఇంటికి

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఇండియా మొదటి మ్యాచ్ యుగోస్లావియాతో పడింది. మనోళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఫలితం 10-1. అది నాకౌట్ పోటీ, ఓడితే ఇంటికే. అంత దూరం పోయి ఒక్క మ్యాచ్ ఆడి తిరిగి వచ్చారు. ఆ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే రహీం సాబ్ టీమ్ ఆస్ట్రేలియాను 4-2తో కొట్టింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ వేశాడు. సెమీఫైనల్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది, 4-1తో ఓడాం. కానీ ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు అంతకు మించిన స్థానం రాలేదు.

1962 జకార్తాలో పోటీ పద్ధతి వేరు. 8 టీమ్‌లు, రెండు గ్రూపులు, ప్రతి గ్రూపు నుంచి ఇద్దరు సెమీస్‌కు. ఇండియా మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. నాకౌట్ అయ్యుంటే కథ అక్కడే ముగిసేది. గ్రూపు కాబట్టి ఇంకా అవకాశం ఉంది. థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి తీసుకెళ్లి ముందు వరసలో ఫార్వర్డ్‌గా నిలబెట్టారు.

సెప్టెంబర్ 4న ఫైనల్, ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియానే. స్టేడియం నిండా జనం, ఎక్కువమంది ఇండియాకు వ్యతిరేకం. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కుట్లు పడిన జర్నైల్ ఇంకో గోల్ వేశారు. 2-1తో బంగారు పతకం మనదైంది. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు మళ్లీ బంగారం రాలేదు. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు.

లెక్క వేసి చూస్తే

పోటీ ఎట్లా నడపాలన్న ప్రశ్న పాతదే. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అనే ఆట ఉంది. అది మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టుకుని ఉరికే ఆట. అక్కడ దశాబ్దాలపాటు ఛాంపియన్ ఎవరో ఓట్లతో తేల్చేవారు. గొడవలు పడీ పడీ 2014 సీజన్ నుంచి 4 టీమ్‌లతో ప్లేఆఫ్ మొదలుపెట్టారు, 2024 నుంచి వాటిని 12కు పెంచారు.

మన దగ్గర కాలేజీల మధ్య పోటీ జరుగుతుంది, అందులోంచి యూనివర్సిటీ టీమ్ ఎంపికవుతుంది. ఆ టీమ్ సౌత్ జోన్ పోటీకి పోతుంది. అక్కడ 4 టీమ్‌లు మిగిలేదాకా నాకౌట్, ఆ నలుగురి మధ్య లీగ్. వికారాబాద్, తాండూరు కుర్రాళ్లు ఉస్మానియా జెర్సీ దాకా పోవాలన్నా మెట్లు ఇవే.

16 కాలేజీలతో నాకౌట్ పెడితే మొత్తం 15 మ్యాచ్‌లు. మొదటి రౌండ్‌తోనే 8 కాలేజీలు బస్సు ఎక్కాలి. ఒక కుర్రాడు ఏడాదంతా ప్రాక్టీస్ చేసి ఆడింది ఒక్క మ్యాచ్. అదే 4 గ్రూపులు చేసి, ప్రతి గ్రూపు విజేతను సెమీస్‌కు పంపితే మొత్తం 27 మ్యాచ్‌లు అవుతాయి. ప్రతి కాలేజీకి కనీసం 3 మ్యాచ్‌లు దక్కుతాయి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. గ్రౌండ్ కావాలి, రెఫరీలు కావాలి, పిల్లలకు రెండు మూడు రోజులు భోజనం, వసతి చూడాలి. కానీ మొదటి రోజు తడబడిన కుర్రాడికి రెండో రోజు ఉంటుంది. జకార్తాలో రహీం సాబ్ టీమ్‌కు దక్కింది కూడా అదే కదా.

డ్రిబ్లింగ్ లేని పోటీకైతే ఆ ఖర్చు కూడా లేదు. ఒక బంతి, రెండు టీమ్‌లు, రూలు గట్టిగా అమలు చేసే ఒక పీఈటీ సార్ ఉంటే చాలు. తాండూరులోనైనా, వికారాబాద్‌లోనైనా రేపు సాయంత్రమే మొదలుపెట్టొచ్చు.