పొగలో పోయే శక్తిని పట్టుకున్న ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి



ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించి, కవుల గురించి మీలో చాలామంది నాకంటే బాగా రాయగలరు. అందుకని నేను ఒక ఇంజనీరును ఎంచుకున్నాను. డీజిల్ ఇంజన్లతో పనిచేసేవారికి ఈయన పేరు సుపరిచితం. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాకు ఇంజన్లతో ఏం పని అని మీరు అడగవచ్చు. ముందు ఆ సంగతి చెప్తాను.

మొన్నటి చలికాలంలో మా చిన్నబ్బాయి తన పాత డీజిల్ కారులో మమ్మల్ని కరీంనగర్ నుంచి ఆదిలాబాదుకు తీసుకుపోతున్నాడు. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా నిర్మల్ చేరేసరికి బాగా పొద్దుపోయింది. ఆదిలాబాదు చలి సంగతి మీకు తెలిసిందే. అద్దాలన్నీ బిగించుకొని కూర్చున్నాం. మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే బండి గుంజలేకపోయింది. ముందు నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు, వెనుక నల్లటి పొగ. ఇంతలో మా ఇంటామె తల తిరుగుతున్నదని, కడుపులో వికారంగా ఉన్నదని అన్నది. అబ్బాయి వెంటనే బండి ఆపి తలుపులన్నీ తెరిచాడు. పావుగంట చల్లగాలి పీల్చాక ఆమె తేరుకున్నది. అద్దాలు దించుకొని, మెల్లగా నిర్మల్‌కు తిరిగివచ్చాం.

మరునాడు మెకానిక్ బానెట్ ఎత్తి చూపించాడు. ఇంజను పొగ బయటికొచ్చే మేనిఫోల్డుకు, టర్బోకు నడుమ ఉన్న అతుకు దగ్గర నల్లని మసి చార కట్టి ఉన్నది. నాలుగు స్టడ్ బోల్టులలో ఒకటి విరిగింది. అంతకుముందు ఎక్కడో రిపేరు చేసినప్పుడు పాత ప్యాకింగునే మళ్లీ వేసి, పైన గమ్ము పూసి బిగించారట. ఆ రోజు ఆ షెడ్డులో కూర్చున్నప్పుడే, అసలీ టర్బోను ఎవరు కనిపెట్టారని నాకు ఆసక్తి కలిగింది. అబ్బాయి చేత పుస్తకాలు తెప్పించి చదివాను.

ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1879 జూలై 11న స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఆ ఊళ్లోని సుల్జర్ యంత్రాల కంపెనీలో పెద్ద ఉద్యోగి కావడం వల్ల చిన్ననాటి నుంచే ఇంజన్ల వాతావరణంలో పెరిగారు. జూరిచ్‌లోని పాలిటెక్నిక్ విద్యాలయంలో చదివి 1903లో పట్టా పుచ్చుకున్నారు. తరువాత బెల్జియం, ఇంగ్లండు దేశాలలో కొంతకాలం పనిచేశారు.

ఆయనను పట్టి పీడించిన ప్రశ్న ఒక్కటే. ఇంజనులో కాల్చిన ఇంధనం వేడిలో దాదాపు మూడోవంతు పొగతోపాటు గొట్టం గుండా గాలిలో కలిసిపోతున్నది. దుడ్లు పెట్టి కొన్న నూనెకు ఇంత నష్టమా? ఆ పొగతోనే ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద ఇంకో చక్రాన్ని బిగించి, దానితో ఇంజనులోకి ఎక్కువ గాలిని తోయవచ్చునని ఆయన ఆలోచించారు. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనం మండుతుంది, అదే ఇంజను ఎక్కువ బలం ఇస్తుంది. ఈ ఊహకు 1905 నవంబరు 16న జర్మనీలో పేటెంటు దరఖాస్తు పెట్టారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు.

ఇక్కడి నుంచి కథ మన ఆఫీసు ఫైలు లాగానే నడిచింది. 1909లో సుల్జర్ కంపెనీలో చేరి డీజిల్ ఇంజన్ల పరిశోధన చూశారు, ప్రయోగాలు చేశారు. ఆనాటి లోహాలు ఆ వేడికి ఆగలేదు, చక్రాల పనితనమూ చాలలేదు. ఫలితం పైవారికి నచ్చలేదు. అయినా ఆయన ఆ ఫైలు మూయలేదు. మొదటి పేటెంటు నాటికి యువకుడు, పని ఫలించేనాటికి నలభై ఆరేళ్లవాడు. ఇరవై ఏళ్లు!

1925లో ఆయన ఇంకొక కీలకమైన పేటెంటు తీసుకున్నారు. ఒక్కో సిలిండరు నుంచి పొగ ఒకే ధారగా రాదు, దెబ్బ మీద దెబ్బగా వస్తుంది. ఒక సిలిండరు దెబ్బ ఇంకొక దానికి అడ్డుపడకుండా సిలిండర్లను జట్లుగా విడదీసి, సన్నని గొట్టాల ద్వారా వేరువేరుగా టర్బైను దాకా తెచ్చారు. ఆ దెబ్బ బలం వృథా కాకుండా చక్రానికే తగిలింది. ఇంజను బలం నూటికి నలభైకి పైగా పెరిగింది. 1926లో జర్మనీ ప్రయాణికుల ఓడలు ప్రాయ్‌సెన్, హన్సెస్టాట్ డాన్‌జిగ్ ఈ పద్ధతితోనే నీటిలో దిగాయి. వాటి పది సిలిండర్ల ఇంజన్ల బలం 1,750 నుంచి 2,500 హార్స్‌పవరుకు పెరిగింది. అప్పటి నుంచి బ్యూఖి పద్ధతికి గిరాకీ వచ్చింది. 1938లో స్విట్జర్లాండు కంపెనీ సౌరర్ లారీ ఇంజనుకు టర్బో బిగించింది. ఆయన 1959 అక్టోబరు 27న తన సొంత ఊరైన వింటర్‌థూర్‌లోనే కన్నుమూశారు. టర్బో ఉన్న కార్లు అమెరికాలో 1962లో అమ్మకానికి వచ్చాయి. వాటిని ఆయన చూడలేదు.

మనకు మాత్రం ఆయన పని కొత్తది కాదు. 1962 నుంచి మన దేశంలోకి వచ్చిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు గుర్తున్నాయా? పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవరు. మన కాజీపేట-బల్హార్షా లైనుకు కరెంటు తీగలు రాకముందు పెద్దపల్లి, మంచిర్యాల స్టేషన్లలో బండి కదిలేటప్పుడు ఒక సన్నని ఈల సాగుతూ పైకి లేచేది. అది టర్బో తిరిగే చప్పుడు. ఆ ఈల వింటూ ఎన్ని బదిలీల ప్రయాణాలు చేశామో!

ఇప్పుడు అతుకు సంగతి. బ్యూఖి ఇరవై ఏళ్లు శ్రమపడి చక్రం దాకా తెచ్చిన పొగ, చక్రానికి జానెడు దూరంలో సందు దొరికి బయటికి పోతే ఏం లాభం? చక్రం మెల్లగా తిరుగుతుంది, గాలి తగ్గుతుంది, బలం తగ్గుతుంది, నల్ల పొగ వస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసిన కారులో ప్రాణానికే ముప్పు.

ఆ మెకానిక్ పని చేసిన తీరు మన పాత సూపరింటెండెంట్ల పద్ధతిలా ఉన్నది. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చాడు. తుప్పు వదిలే నూనె పోసి విరిగిన బోల్టు ఓపికగా తీశాడు. మేనిఫోల్డు ముఖం మీద ఇనుప బద్ద పెట్టి, ఫీలర్ గేజీతో సందు కొలిచాడు. రోజూ ఎర్రగా కాగి చల్లారే ఇనుము వంగిపోతుందట. వంగిన దానికి ఎంత కొత్త ప్యాకింగు వేసినా నిలవదని చెప్పి, ముఖాన్ని మిషను మీద చదును చేయించాడు. పగుళ్లు లేవని చూసుకున్నాడు. కంపెనీ ఉక్కు ప్యాకింగు, కొత్త స్టడ్లు, కొత్త నట్లు వేశాడు. గమ్ము మాత్రం ముట్టలేదు. ఆ వేడికి అది మాడుతుంది, పెచ్చు ఊడితే నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే చక్రానికి తగులుతుంది. టార్కు రెంచితో ఎదురెదురుగా, విడతలు విడతలుగా, కంపెనీ చెప్పిన లెక్క వరకే బిగించాడు. చివరకు ఇంజను స్టార్టు చేసి, చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా చప్పుడు విన్నాడు.

మనలో చాలామంది ఈ వయసులో బండి నడపకపోవచ్చు. పక్క సీట్లో కూర్చుంటాం గదా! చల్లని ఇంజను స్టార్టు చేయగానే టిక్కుమని వినిపించి వేడెక్కాక తగ్గినా, ఎక్కుడులో బండి గుంజకున్నా, లోపల పొగ వాసన తగిలినా పిల్లలకు చెప్పండి. తల తిరిగితే వయసు మీద నెట్టుకొని ఊరుకోకండి. వెంటనే ఆపించి దిగండి.

మా ఇంటామె ఇప్పుడు కులాసాగా ఉన్నది. తిరుగు ప్రయాణంలో అదే ఘాట్ దిగుతూ నేను ఆ స్విట్జర్లాండు పెద్దమనిషికి మనసులోనే ఒక నమస్కారం పెట్టుకున్నాను, నిర్మల్ మెకానిక్‌కు ఇంకొకటి.

సెలవు.