కుషన్లు మోయించిన ప్రొఫెసర్

ఫస్టియర్ ఫిజిక్సులో సబైన్ ఫార్ములా రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాద కాలం వస్తుంది. పరీక్ష అయ్యాక ఆ పేరుతో మనకి పనుండదు. కానీ ఈమధ్య మా రూమ్‌లో చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టుకుందామని బేస్ ట్రాప్‌ల గురించి చదువుతుంటే, ఎటు తిరిగినా ఆయన దగ్గరికే వచ్చాను. అసలు ఎవరీ సబైన్?

వాలెస్ క్లెమెంట్ సబైన్ 1868లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, రిచ్‌వుడ్ అనే ఊళ్ళో పుట్టాడు. పద్దెనిమిదేళ్ళకే ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేసి హార్వర్డ్‌కి వెళ్ళాడు. అక్కడే మాస్టర్స్ చేసి, అక్కడే ఫిజిక్సు చెప్పే ఉద్యోగంలో చేరాడు. పీహెచ్‌డీ చెయ్యలేదు. ధ్వనిశాస్త్రంలో అప్పటికి పేరున్నవాడూ కాదు.

1895లో హార్వర్డ్‌లో ఫాగ్ ఆర్ట్ మ్యూజియం కొత్తగా తెరిచారు. అందులోని లెక్చర్ హాల్లో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక మాట పలికితే దాదాపు అయిదున్నర సెకన్లు గదిలోనే తిరిగేది. ఆలోపు తర్వాతి మాటలన్నీ దానిమీద వచ్చి పడేవి. యూనివర్సిటీ ప్రెసిడెంట్ చార్లెస్ ఎలియట్ దీని సంగతి చూడమని సబైన్‌కి అప్పగించాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు.

ఆయన దగ్గరున్న సామాను ఒక ఆర్గన్ పైపు, కాలం కొలిచే యంత్రం, తన చెవులు. మైకుల్లేవు, సాఫ్ట్‌వేర్ లేదు. పగలు వీధి చప్పుళ్ళుంటాయని అర్ధరాత్రి దాటాక పని మొదలుపెట్టేవాడు. సెకనుకి 512 కంపనాల స్వరం మోగించి, ఆపేసి, అది చెవికి వినిపించకుండా పోయేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకునేవాడు. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ సీట్ల మీది కుషన్లు సహాయకులతో మోయించి తెచ్చి హాల్లో పరిచేవాడు. కొన్ని వేసి కొలత, ఇంకొన్ని వేసి కొలత. తెల్లారేసరికి వాటిని మళ్ళీ యథాస్థానంలో పెట్టాలి. కుషన్లు పెరిగేకొద్దీ ఆ అయిదున్నర సెకన్లు ఒక సెకను దగ్గరికి దిగాయి. మనిషి ఒంటిమీది బట్టలు కూడా ధ్వనిని పీల్చుకుంటాయని గమనించి, ప్రయోగానికి ఎప్పుడూ అవే బట్టలు వేసుకునేవాడు. రెండేళ్ళకు పైగా ఇదే పని.

ఈలోగా బోస్టన్‌లో కొత్త సంగీత మందిరం కట్టాలనుకున్నారు. ఎలియట్ మళ్ళీ సబైన్ పేరే చెప్పాడు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. అంత డబ్బు పోసి కట్టే భవనానికి తన లెక్క నమ్మి మాట ఇవ్వాలి కదా! పాత నోట్సన్నీ తీసి కూర్చున్నాడు. 1898 అక్టోబరులో ఒక రాత్రి విషయం అందింది. శోషణ పెరిగేకొద్దీ ప్రతినాద కాలం తగ్గే తీరు ఒక హైపర్‌బోలా. ఆ తర్వాతే సరేనన్నాడు. బోస్టన్ సింఫనీ హాల్ 1900 అక్టోబరులో తెరుచుకుంది. మొదట్లో విమర్శలు వచ్చినా, ఇవాళ ప్రపంచంలోని మంచి సంగీత మందిరాల్లో దాన్ని ముందు వరసలో చెబుతారు.

స్టూడియో పెట్టుకునేవాళ్ళకి అసలు ముఖ్యమైంది ఆయన ఆ తర్వాత చేసిన పని. 512 దగ్గర ఆగిపోకుండా 64 నుంచి 4096 కంపనాల దాకా వేర్వేరు స్వరాలతో కొలిచాడు. పలచటి ఫెల్ట్ పై స్వరాలను బాగానే పీలుస్తుంది, కింది స్వరాలను వదిలేస్తుంది. మందం పెంచితే కింది స్వరాలూ లొంగుతాయి. ఈ సంగతి తెలిసి వందేళ్ళు దాటింది. అయినా రెండంగుళాల ఫోమ్ ముక్కలకి బేస్ ట్రాప్ అని పేరుపెట్టి అమ్ముతూనే ఉన్నారు.

మా రూమ్ పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. లెక్క కడితే పొడవు వైపు మొదటి మోడ్ 47 హెర్ట్‌జ్ దగ్గర, వెడల్పూ ఎత్తూ రెండూ 56 దగ్గర పడతాయి. రెండు కొలతలు సమానం కాబట్టి 56 దగ్గర రెట్టింపు గోల. ఇంత చిన్న గదిలో సుమారు 200 హెర్ట్‌జ్ కింద సబైన్ ఫార్ములా నిలబడదు. ధ్వని గదంతా సమానంగా పరుచుకున్నప్పుడే అది పనిచేస్తుంది. చిన్న గదిలో బేస్ అలా పరుచుకోదు. ఒకచోట పోగుపడుతుంది, ఇంకోచోట మాయమవుతుంది.

ఫార్ములా పనికిరాకపోయినా ఆయన పద్ధతి పనికొస్తుంది. మేం నాలుగంగుళాల మందం, రెండడుగుల వెడల్పు ఉన్న రాక్‌వూల్ ప్యానెళ్ళు ఎంచుకున్నాం. గుడ్డ చుట్టి, గది మూలల్లో అడ్డంగా నిలబెడితే వెనకాల అడుగు లోతు ఖాళీ మిగులుతుంది. గోడకి ఆనుకుని గాలి కదలదు. కదలని గాలిని దూది, ఫోమ్, రాక్‌వూల్ ఏదీ ఏమీ చెయ్యలేదు. అందుకే ఆ ఖాళీ కావాలి. దీంతో కూడా 47 దగ్గర అద్భుతాలు జరగవు. అక్కడికి హెల్మ్‌హోల్ట్స్ రెసొనేటర్ లాంటి ట్యూన్ చేసిన ట్రాపే కావాలి. కానీ అది ఒక్క స్వరానికే పనిచేస్తుంది కాబట్టి, ముందు ఆ స్వరం ఏదో కచ్చితంగా తెలియాలి. ఉచిత సాఫ్ట్‌వేరూ ఒక కొలత మైకూ ఉంటే మనకి అర్ధరాత్రి జాగారం అక్కర్లేదు. రెండు మూలలు నింపి కొలవండి, మరో రెండు నింపి మళ్ళీ కొలవండి. తేడా కనిపించకపోతే అయిదోది కొనకండి.

సబైన్ తర్వాత హార్వర్డ్‌లో డీన్ అయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధంలో యూరప్ వెళ్ళి పనిచేశాడు, ఆరోగ్యం పాడైనా ఆగలేదు. ఇలినాయ్ రాష్ట్రంలోని జెనీవాలో జార్జ్ ఫేబియన్ అనే సంపన్నుడు ఆయన కోసమే రివర్‌బ్యాంక్ అనే ధ్వని ప్రయోగశాల కట్టించాడు. అందులో పని మొదలుపెట్టకముందే, 1919 జనవరి 10న, యాభై ఏళ్ళకే సబైన్ చనిపోయాడు. దూరపు బంధువు పాల్ సబైన్ వచ్చి ఆ ప్రయోగశాలను నడిపాడు. శోషణను కొలిచే ప్రమాణానికి ఇప్పటికీ వాలెస్ సబైన్ పేరే ఉంది. ప్యానెల్ కొనేటప్పుడు దాని డేటా షీట్ అడిగి తీసుకోండి. అందులో 125 హెర్ట్‌జ్ దగ్గర అంకె ఎంతుందో చూశాకే డబ్బులు తియ్యండి.