రామసీయ నాణెము

చూపునకు మిక్కిలి చిన్నదైన వెండి నాణెమది. అర రూపాయి, తూకము ఆరు గ్రాములకు లోపే. దానిపై కోదండపాణియై ముందు నడచు శ్రీరామచంద్రుడు, మేలిముసుగును చేతబట్టి వెనుక అనుసరించు సీతమ్మవారు. పైని నాగరలిపిలో రామసీయ యను అక్షరములు. అవధ ప్రాంతపు జనులు సీతమ్మను సీయ యందురు. తులసీదాసు 1574లో అయోధ్యయందు రామచరితమానసమును ఆరంభించినదియు ఆ పలుకుబడిలోనే. రెండవ వైపున పారసీక లిపిలో ఇలాహీ సంవత్సరము 50 అని యున్నది, అనగా 1605. ముద్రింపించినవాడు మొగలు చక్రవర్తి అక్బరు. ఇట్టివి లోకమున మిగిలినవి బహు స్వల్పము. వెండి నాణెము కాశీలోని భారత కళాభవనమున గలదు.

తండ్రి హుమాయూను రాజ్యభ్రష్టుడై తిరుగుచుండగా, ఒక రాజపుత్ర ప్రభువు ఆశ్రయమిచ్చిన ఉమరుకోటలో 1542లో అక్బరు జన్మించెను. పదమూడేండ్ల ప్రాయమున, 1556లో సింహాసన మెక్కెను. చదువు అబ్బలేదు, గ్రంథములను ఒకరు చదువగా విని గ్రహించెడివాడు.

మధురకు వచ్చు యాత్రికులు దైవదర్శనమునకై పన్ను కట్టవలసివచ్చుట విని, 1563లో తన రాజ్యమంతట యాత్రికుల పన్నును రద్దుచేసెను. మరుసటి యేట జిజియా పన్నును తొలగించెను. 1565లో బృందావనమందలి మదనమోహనస్వామి సేవకు భూమి నొసగెను. ఇంతటి ఔదార్యము చూపినవాడే 1568లో చిత్తూరుగఢమును పట్టి, కోటలోని వేలాది జనులను చంపించెను. రాజపుత్ర స్త్రీలు అగ్నిప్రవేశము చేసిరి. అతని సుగుణముల నెన్నువారు దీనిని దాటిపోరాదు.

1575లో ఫతేపురు సిక్రీయందు ఇబాదత్ ఖానాను నెలకొల్పి, నానామత విద్వాంసుల వాదములను రాత్రులు మేల్కొని వినెడివాడు. 1584లో వాల్మీకి రామాయణమును పారసీక భాషలోనికి పరివర్తింపుమని బదాయూనీ యను పండితుని నియోగించెను. ఆ పండితునకు పని రవ్వంతయు ఇష్టము లేదు; అయినను రాజాజ్ఞ మీరలేక కొన్నియేండ్లు శ్రమించి ముగించెను. (ఇష్టములేని చేతితోనైనను రామకథ వ్రాయబడినది గదా!) చక్రవర్తికై చిత్రములతో సిద్ధపరచిన ఆ ప్రతి జయపురమున భద్రముగా నున్నది. వనవాసమునకు బయలుదేరిన దంపతుల కథ ఈ విధముగా అతని చెవిని పడెను, కంట పడెను.

కడపటి యేండ్లు దుఃఖభాజనములు. కుమారుడు మురాదు 1599లో మరణించెను. దానియాలును అటుపిమ్మట గతించెను. ఇరువురును మద్యపానమునకు బలియైనవారే. మిగిలిన సలీము తండ్రిపై తిరుగబడి, 1602లో అక్బరునకు ప్రాణమిత్రుడైన అబుల్ ఫజలును చంపించెను. తండ్రి మాటకై రాజ్యమును విడిచిన పుత్రుని రూపము, రాజ్యమునకై తండ్రి నెదిరించిన పుత్రుని గన్న ప్రభువు నాణెముపై నిలిచినది ఆ దినములలోనే. తుదకు తండ్రీకొడుకులు సమాధానపడిరి.

1605 అక్టోబరులో, ఆ ఇలాహీ సంవత్సరము నిండకమునుపే, అక్బరు ఆగ్రాలో కన్నుమూసెను. సలీము జహంగీరు పేర పట్టాభిషిక్తుడయ్యెను.