ధర్మవరం రామకృష్ణమాచార్యులు

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853 - 1912) సుప్రసిద్ధ నాటక రచయిత, నటుడు, నాటక సమాజ నిర్వాహకుడు, న్యాయవాది. ఆంధ్ర నాటక పితామహుడు అన్న బిరుదుతో ప్రసిద్ధుడు. బళ్లారిలో సరస వినోదిని సభను స్థాపించి, దానికోసం సుమారు ముప్పది నాటకాలు రచించాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరొందిన 'విషాద సారంగధర' ఈయన రచనే. నటుడిగా, న్యాయవాదిగా, సంగీతప్రియుడిగా ఈయనకున్న అభిరుచులు నాటకాల ఇతివృత్తాలలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒక రచయిత సొంత మక్కువ ఒక భాషలోని నాటక సంప్రదాయాన్ని ఎంతవరకు మార్చగలదో తెలుసుకోవడానికి ఈయన జీవితం మంచి ఉదాహరణ.

జననం, ప్రాంతం

రామకృష్ణమాచార్యులు 1853లో చిత్రావతి నది సమీపంలోని ధర్మవరంలో జన్మించాడు. ఆ ఊరి పేరే ఈయన ఇంటిపేరు. అప్పట్లో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేవి. 1882లో బళ్లారిని విభజించి అనంతపురం జిల్లాను ఏర్పరచినపుడు ఇవి కొత్త జిల్లాలో చేరాయి. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణాలూ ఉన్నాయి. బళ్లారి మాత్రం 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసి, ఇప్పుడు కర్ణాటకలో ఉంది.

ఈ ప్రాంతమంతా తెలుగు, కన్నడ భాషలు కలిసి వినిపించే నేల. రామకృష్ణమాచార్యులకు తెలుగు, కన్నడ, సంస్కృతం, ఆంగ్ల భాషలలో ప్రవేశం ఉండేది. తెలుగు నాటకాలు వ్రాయడానికి ముందు ఈయన 'స్వప్నానిరుద్ధ' అనే నాటకాన్ని కన్నడంలో రచించాడు. ఉష కలలో అనిరుద్ధుని చూసి ప్రేమించిన పురాణకథ దానికి ఆధారం.

బళ్లారి, సరస వినోదిని సభ

బళ్లారి అప్పట్లో జిల్లా కేంద్రం, సైనిక స్థావరం. న్యాయస్థానాలు, కచేరీలు ఉండడంతో ఆంగ్లవిద్య పొందిన న్యాయవాదులు, ఉద్యోగులు అక్కడ ఎక్కువగా ఉండేవారు. రామకృష్ణమాచార్యులు అక్కడే న్యాయవాద వృత్తిలో స్థిరపడ్డాడు. మరాఠీ, పార్శీ నాటక సమాజాలు ఊరూరా తిరుగుతూ దక్షిణాదిన నాటకాభిరుచిని పెంచుతున్న కాలమది. కోస్తాలో కందుకూరి వీరేశలింగం 1880లో రాజమండ్రిలో విద్యార్థులతో నాటకాలు ఆడించాడు. 1886లో రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరస వినోదిని సభను స్థాపించాడు. 1887లో ఈ సభ ఈయన తెలుగు నాటకం 'చిత్రనళీయము'ను ప్రదర్శించింది.

నాటకమాడటం గౌరవప్రదమైన పనిగా లెక్కించని రోజులవి. న్యాయస్థానంలో వాదించే వ్యక్తి సాయంకాలం ముఖానికి రంగు వేసుకొని వేదిక ఎక్కడం ఆనాటి సమాజానికి కొత్త. సభలో రచయిత, శిక్షకుడు, ప్రధాన నటుడు అన్నీ తానే అయినందువలన, ఏ కథను ఎంచుకోవాలి, దాన్ని ఎలా ముగించాలి అన్నది ఈయన ఇష్టాన్నిబట్టే జరిగేది. అందుకే ఈ నాటకాల జాబితా చాలావరకు ఈయన అభిరుచుల జాబితా కూడా.

ఇతివృత్తాలలో రచయిత అభిరుచి

ఈయన నాటకాలలో ఎక్కువ పౌరాణికాలే. పురాణాలలో ఉన్న వేలాది కథలలో ఈయన ఏరుకున్నవాటిని ఒకచోట చేర్చి చూస్తే కొన్ని విషయాలు తిరిగి తిరిగి వస్తున్నట్లు తెలుస్తుంది.

తండ్రి తీర్పు, కొడుకు గతి

'పాదుకా పట్టాభిషేకము'లో కైకకిచ్చిన మాటకు కట్టుబడి దశరథుడు కొడుకును అడవికి పంపి తాను మరణిస్తాడు. 'మోహినీ రుక్మాంగద' కథలో ఏకాదశీ వ్రతం విడువు, లేదా కొడుకు ధర్మాంగదుని నీ చేతితో వధించు అని మోహిని రాజును నిర్బంధిస్తుంది. 'భక్త ప్రహ్లాద'లో తండ్రే కొడుకును హింసిస్తాడు. 'విషాద సారంగధర'లో రాజరాజు చిన్నరాణి చిత్రాంగి మాట నమ్మి, కొడుకు కాలుసేతులు నరికించమని ఆజ్ఞాపిస్తాడు.

'చిరకారి' కథ మహాభారతం శాంతిపర్వంలోనిది. భార్యపై కోపించిన గౌతముడు తల్లిని చంపమని కొడుకును ఆజ్ఞాపించి అడవికి వెళ్లిపోతాడు. ఏ పనినైనా చాలాసేపు ఆలోచించి చేసే స్వభావం గల చిరకారి, తండ్రి ఆజ్ఞ గొప్పదా, తల్లి ప్రాణం గొప్పదా అని తర్కిస్తూ ఆలస్యం చేస్తాడు. ఇంతలో తండ్రి పశ్చాత్తాపంతో తిరిగివస్తాడు. ఆ ఆలస్యమే తల్లిని కాపాడుతుంది.

చిరకారి, సారంగధర కథలు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. ఒకదానిలో విచారణ లేక కొడుకు బలి అవుతాడు. రెండవదానిలో విచారణ సాగినందువలన తల్లి బ్రతుకుతుంది. నేరారోపణ, సాక్ష్యం, తీర్పు, శిక్ష అనేవి న్యాయవాదికి నిత్యం ఎదురయ్యే విషయాలు. రచయిత వృత్తికి, ఆయన ఎన్నుకున్న కథలకు ఉన్న దగ్గరితనం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నటుడిగా కూడా ఈయన దశరథుడు, రాజరాజు వంటి పాత్రలను ధరించాడు. తప్పు చేసి కుమిలిపోయే తండ్రిపై ఈయనకు ప్రత్యేకమైన మక్కువ ఉన్నట్లు దీనివలన తెలుస్తుంది.

మోహం, మారువేషం

రెండవ విషయం రూపం మార్చుకొన్న మనిషి. 'చిత్రనళీయము'లో కర్కోటకుని కాటువలన నలుడు కురూపియైన బాహుకుడవుతాడు. తానెవరో చెప్పుకోలేక ఇంకొక రాజు కొలువులో పనిచేస్తాడు. ఈ బాహుక పాత్రను రచయితే అభినయించాడు. 'బృహన్నల'లో అర్జునుడు పేడి రూపంలో అంతఃపురంలో నాట్యం నేర్పుతాడు. 'ప్రమీలార్జునీయము'లో అదే అర్జునుడు స్త్రీలే పాలించే రాజ్యంలో అడుగుపెడతాడు.

ఆ కాలంలో ఇటువంటి సభలలో స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరించేవారు. కనుక మోహిని, చిత్రాంగి, ప్రమీల వంటి పాత్రలలో స్త్రీ సౌందర్యం, మోహం అన్నీ మగవారి వేషం ద్వారానే ప్రేక్షకునికి అందేవి. ఇక బృహన్నల పాత్రలో వేషం వేసుకోవడమే కథ. వేషధారణపై రచయితకున్న ఇష్టం, పురాణకథ, రంగస్థల ఆచారం మూడూ అక్కడ ఒక్కటయ్యాయి.

సంగీతం

రామకృష్ణమాచార్యులు నాటకాలలో పద్యాలతో పాటు పాటలకు కూడా ఎక్కువ చోటిచ్చాడు. శోకం, విరహం, పశ్చాత్తాపం వంటి ఘట్టాలు పాటకు అనువైనవి. పాటపై ఇష్టం, కరుణరసంపై ఇష్టం ఈయన రచనలో ఒకదానికొకటి తోడయ్యాయి. అయితే దుఃఖంలో ఉన్న పాత్ర రాగం తీయడం సహజమేనా అన్న చర్చ తెలుగు నాటకరంగంలో ఆ తరువాత దశాబ్దాలపాటు సాగింది.

విషాద సారంగధర

సారంగధరుని కథ తెలుగువారికి పాతదే. 15వ శతాబ్దికి చెందిన గౌరన 'నవనాథ చరిత్ర'లోను, 17వ శతాబ్దిలో తంజావూరు నాయకరాజుల ఆస్థానకవి చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్ర'లోను దీనిని చెప్పారు. పావురాన్ని వెతుక్కుంటూ సారంగధరుడు సవతితల్లి చిత్రాంగి మేడకు వెళ్లడం, ఆమె మోహించడం, అతడు నిరాకరించగా ఆమె నింద మోపడం, తండ్రి శిక్ష విధించడం ఇందులోని ముఖ్య ఘట్టాలు. కావ్యాలలో ఒక సిద్ధుని అనుగ్రహంవలన సారంగధరునికి కాలుసేతులు తిరిగి వస్తాయి. కథ శుభంగా ముగుస్తుంది. గ్రీకు నాటకకర్త యురిపిడీస్ 'హిప్పాలిటస్'లోను, అశోకుని కుమారుడైన కునాలుని బౌద్ధకథలోను ఇటువంటి వృత్తాంతమే ఉంది.

రామకృష్ణమాచార్యులు కథను శుభాంతం చేయక విషాదంతోనే ముగించాడు. సంస్కృత నాటక సంప్రదాయం ప్రకారం రంగస్థలంపై మరణాన్ని చూపరాదు, నాటకం శుభాంతంగా ఉండాలి. భాసుని 'ఊరుభంగము' దీనికి భిన్నమైనా, భాసుని పేరిట ప్రసిద్ధమైన ఆ నాటకాలను టి. గణపతిశాస్త్రి తిరువనంతపురంలో ప్రచురించడం మొదలుపెట్టింది 1912లో, అంటే రామకృష్ణమాచార్యులు మరణించిన సంవత్సరంలో. కాబట్టి ఈయనకు ఆదర్శంగా నిలిచినవి షేక్స్పియర్ వంటి ఆంగ్ల రచయితల విషాదాంతాలు. ఆంగ్ల పద్ధతిలో అంకాలను రంగాలుగా విభజించడం కూడా ఈయన నాటకాలలో కనిపిస్తుంది.

ఈ మార్పు కేవలం అనుకరణ కాదు. సిద్ధుడు వచ్చి కాలుసేతులు ఇస్తే తండ్రి చేసిన తప్పు మాసిపోతుంది. శుభాంతాన్ని తొలగించినపుడు ఆ తప్పు తప్పుగానే మిగులుతుంది. తీర్పును సరిదిద్దడానికి దేవుడు గాని, సిద్ధుడు గాని రారు. తండ్రి పశ్చాత్తాపంపై రచయితకున్న ఆసక్తికి ఈ ముగింపే తగినది.

ఈ నాటకంవలన ఒక చిక్కు కూడా ఏర్పడింది. కథలోని రాజును ప్రేక్షకులు నన్నయను ఆదరించిన 11వ శతాబ్దపు రాజమహేంద్రవర పాలకుడు రాజరాజనరేంద్రునిగానే భావించారు. ఆ రాజు కొడుకును ఈ విధంగా శిక్షించినట్లు చారిత్రక ఆధారాలు లేవు. ఆంధ్ర మహాభారత రచనకు కారకుడైన రాజుకు కావ్యాలు, నాటకాలు, ఆ తరువాత చలనచిత్రాలు ఇటువంటి అపకీర్తిని అంటగట్టాయని చరిత్రకారులు ఆక్షేపించారు. కల్పనలోని రుచి చరిత్రలోని మనిషిపై నీడ వేయడానికి ఇది ఒక ఉదాహరణ.

మద్రాసులో ప్రదర్శనలు

1891లో సరస వినోదిని సభ మద్రాసులో నాటకాలు ప్రదర్శించింది. వాటిని చూసిన యువకులలో పమ్మల్ సంబంధ ముదలియార్ (1873 - 1964) ఒకడు. విద్యావంతులు, న్యాయవాదులు వేదికపై నటించడం అతనిని ఎంతగానో ఆకర్షించింది. అదే సంవత్సరం జులైలో అతడు మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను ప్రారంభించాడు. ఆధునిక తమిళ నాటకరంగానికి పునాది వేసిన సంస్థలలో అది ముఖ్యమైనది. ఈ విధంగా బళ్లారి తెలుగు నాటకం తమిళ నాటకానికి ప్రేరణ అయింది.

కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ

బళ్లారిలోనే కోలాచలం శ్రీనివాసరావు (1854 - 1919) సుమనోరమ సభకు నాటకాలు వ్రాశాడు. ఈయన కూడా న్యాయవాదే. ఒకే ఊరు, ఒకే వృత్తి, ఒకే తరం అయినా ఇద్దరి అభిరుచులు వేరు. కోలాచలం వారికి చరిత్రపై మక్కువ. విజయనగర పతనాన్ని ఇతివృత్తంగా తీసుకొని ఆయన రచించిన రామరాజు నాటకం ప్రసిద్ధం. 1565 యుద్ధం తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. ఆ శిథిలాల మధ్య పెరిగిన ప్రాంతపు జ్ఞాపకం కోలాచలం రచనలో చరిత్రగా వెలువడగా, రామకృష్ణమాచార్యుల రచనలో కుటుంబ విషాదానికే ప్రాధాన్యం లభించింది.

ప్రసిద్ధ నటుడు బళ్లారి రాఘవ (1880 - 1946) రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు. రాఘవ కూడా న్యాయవాదే. సహజమైన నటనను, భావయుక్తమైన సంభాషణను ఇష్టపడిన రాఘవ, రాగాలాపనకు ప్రాధాన్యమిచ్చే పద్ధతిని వ్యతిరేకించాడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని ప్రోత్సహించాడు. మేనమామకు ఇష్టమైన రెండు ఆచారాలను, అనగా పాటలను, పురుషుల స్త్రీవేషాన్ని, మేనల్లుడు ఈ విధంగా ప్రశ్నించాడు. అయినా కొడుకును హింసించే తండ్రియైన హిరణ్యకశిపుని పాత్ర రాఘవకు గొప్ప పేరు తెచ్చిన పాత్రలలో ఒకటి.

మరణం, ప్రభావం

రామకృష్ణమాచార్యులు 1912లో మరణించాడు. ఆయన రచనల్లో చాలా నాటకాలు ఇప్పుడు ప్రదర్శనలో లేవు. అయితే విషాదాంతమైన నాటకాన్ని తెలుగు ప్రేక్షకులు ఆదరిస్తారని నిరూపించిన ఘనత ఈయనదే. ఒక రచయితకు నచ్చిన దుఃఖం వందలమంది ప్రేక్షకులకూ నచ్చడంతో, శుభాంతమే నాటకానికి ధర్మమన్న నియమం తెలుగులో సడలిపోయింది.

ముఖ్యమైన నాటకాలు

చిత్రనళీయము
పాదుకా పట్టాభిషేకము
భక్త ప్రహ్లాద
మోహినీ రుక్మాంగద
విషాద సారంగధర
బృహన్నల
ప్రమీలార్జునీయము
పాంచాలీ స్వయంవరము
చిరకారి